ప్రభుత్వ పనుల గాలి ఎటు వీస్తుందో అందరం కలిసి అంచనా వేయగలమా?

హంద్రీ_గట్టు
కర్నూలులో టిప్పర్లు, జేసీబీలు అద్దెకు తిప్పుతాను. ఏటా దసరా దాటగానే ఒకటే తర్జనభర్జన. కొత్త బండి తీసుకోవాలా, ఉన్నవాటితోనే నెట్టుకురావాలా? 2024 ఆగస్టులో ఓర్వకల్లు పారిశ్రామికవాడకు కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపినప్పుడు 2,786 కోట్లన్నారు. ఆ అంకె చూసి మా వైపు చాలామంది అప్పు చేసి మరీ బండ్లు తెచ్చారు. పని ఎప్పుడు మొదలవుతుంది, అందులో మట్టి పని ఎంత, పెద్ద కంపెనీ వస్తే సొంత బండ్లు తెచ్చుకుంటుందా అని ఎవరూ ఆరా తీయలేదు. టీ కొట్టు దగ్గర ఒక పెద్దమనిషి అన్న మాట పదిమంది నోళ్లలో తిరిగి, పది సాక్ష్యాలై మన చెవికి చేరుతోంది.

ఈ వేదికలో కంకర క్రషర్ల వాళ్లున్నారు, సిమెంటు డీలర్లున్నారు, పైపుల వ్యాపారులున్నారు, ఉద్యోగ విరమణ చేసిన ఇంజినీర్లున్నారు. తలా కొంత తెలుసు. అదంతా ఒక చోట చేరిస్తే రాబోయే ఆరు నెలల్లో ఏ శాఖ పనులు పెరుగుతాయి, ఏవి తగ్గుతాయి, బిల్లులు ఎప్పుడు కదులుతాయి అన్నది ముందే పసిగట్టగలమా? ఇలాంటి పద్ధతులు ఉన్నాయని విన్నాను. తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

బేతంచెర్ల_బండ
అయ్యే పని కాదు. టెండరు ఎప్పుడు పిలవాలో తేల్చేది పైవాళ్లు. మనం వందమంది కూర్చుని లెక్కలు వేసినా అక్కడ సంతకం ఒక్క రోజు ముందుకు జరగదు.

గడియార_స్తంభం
సంతకం జరపమని ఎవరూ అడగలేదు, ఎప్పుడు పడుతుందో ఊహించమన్నారు. వాన మన చేతిలో లేదని విత్తే అదను చూసుకోవడం మానేశామా?

అంకెల_అనసూయ
అనంతపురంలో గణాంకశాస్త్రం చెబుతాను. కాంట్రాక్టులతో నా సంబంధం మా అన్నయ్య క్రషర్ వరకే. మీరు అడిగిన దానికి వందేళ్లు దాటిన చరిత్ర ఉంది. 1906లో ఇంగ్లండులోని ప్లిమత్ పశువుల ప్రదర్శనలో ఒక ఎద్దును చూపించి, కోశాక మాంసం ఎంత తూగుతుందో చీటీల మీద రాయమన్నారు. 787 చీటీలు లెక్కకు వచ్చాయి. ఫ్రాన్సిస్ గాల్టన్ వాటిని చిన్న అంకె నుంచి పెద్ద అంకె వరకు పేర్చి నడిమి చీటీ చూస్తే 1,207 పౌండ్లు. అసలు తూకం 1,198. ఆ లెక్కను 1907లో నేచర్ పత్రికలో ప్రచురించారు.

ఇందులో చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. ఎవరి చీటీ వాళ్లు రాసుకున్నారు. ఒకరు ఎక్కువ రాస్తే ఇంకొకరు తక్కువ రాశారు, పొరపాట్లు ఒకదానికొకటి చెల్లిపోయాయి. టీ కొట్టు దగ్గర జరిగేది దీనికి పూర్తిగా విరుద్ధం. అందరి పొరపాటూ ఒకే వైపు మొగ్గుతుంది కాబట్టి ఎంతమందిని అడిగినా అది తగ్గదు. హంద్రీ_గట్టు గారు చెప్పిన పది సాక్ష్యాలూ లెక్కకు ఒక్కటే.

వ్యాపారంలోనూ దీన్ని వాడి చూశారు. 1990ల చివర్లో హ్యూలెట్ ప్యాకార్డ్ కంపెనీలో ప్రింటర్లు ఎన్ని అమ్ముడుపోతాయో ఉద్యోగుల చేత ఊహింపజేశారు. కంపెనీ అధికారిక అంచనాల కంటే ఈ ఉమ్మడి అంచనాలే ఎక్కువసార్లు నిజానికి దగ్గరగా వచ్చాయి.

బేతంచెర్ల_బండ
అనసూయ గారూ, ఎద్దు బరువు ఎద్దులోనే ఉంది. రేపు తూస్తే తేలిపోతుంది. టెండరు అలా కాదు కదా. గడువు పొడిగిస్తారు, మళ్లీ పొడిగిస్తారు, ఆఖరికి రద్దు చేసి కొత్తగా పిలుస్తారు. తూకమే లేని చోట చీటీలు ఏం చేస్తాయి?

తాడిపత్రి_కంకర
బండ గారు చెప్పింది నిజం. మాకు ఇలాంటివి అలవాటైపోయాయి.

అంకెల_అనసూయ
అందుకే ప్రశ్న అడిగే తీరు మార్చాలి. "ఈ పని వస్తుందా" అని అడిగితే వాదనే మిగులుతుంది. "ఫలానా పనికి మార్చి 31 లోపు టెండరు నోటీసు పోర్టల్‌లో, అంటే ప్రభుత్వ టెండర్ల వెబ్‌సైటులో, కనిపించే అవకాశం నూటికి ఎంత" అని అడిగితే తూకం దొరుకుతుంది. ఆ రోజుకు నోటీసు ఉంటుంది లేదా ఉండదు. పొడిగిస్తారని మీకు గట్టి నమ్మకం ఉంటే నూటికి పది అని రాయండి. మీ అనుభవం వృథా కాదు, ఆ పది అన్న అంకెలోకి చేరుతుంది.

పాత_ఎంబుక్కు
నేను కడపలో ఇంజినీరుగా చేసి ఉద్యోగ విరమణ తీసుకున్నాను. బండ గారి నిస్పృహ అర్థమవుతోంది కానీ, పని పుట్టే క్రమం తెలిస్తే సగం చీకటి పోతుంది. మొదట అంచనా తయారవుతుంది. దాని మీద పరిపాలనా అనుమతి ఇస్తూ జీవో వస్తుంది. తర్వాత సాంకేతిక మంజూరు. అది అయ్యాకే టెండరు నోటీసు, సాంకేతిక బిడ్ల పరిశీలన, ధరల బిడ్లు, ఒప్పందం, స్థలం అప్పగింత. పత్రికల్లో పెద్ద అక్షరాలతో పడే కోట్ల అంకె మొదటి రెండు మెట్ల దగ్గరిది. టిప్పరుకు కిరాయి పుట్టేది ఆఖరి మెట్టు దాటాక. నడుమ భూసేకరణ ఆగినా, అటవీ అనుమతి రాకపోయినా ఏళ్లు గడిచిపోతాయి.

శంకుస్థాపన చూసి బండి కొనవద్దని మా కడప వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. జిల్లాలో ఉక్కు కర్మాగారానికి 2007లో ఒకసారి, 2018 డిసెంబరులో ఒకసారి, 2019 డిసెంబరులో ఒకసారి, 2023 ఫిబ్రవరిలో మరోసారి పునాదిరాయి వేశారు. వేసిన ప్రతిసారీ చుట్టుపక్కల స్థలాల ధరలు, బండ్ల బుకింగులు పైకి లేచాయి.

కాబట్టి ప్రశ్నలు వేసేటప్పుడు ఏ మెట్టు గురించి అడుగుతున్నారో స్పష్టంగా రాయండి.

గండికోట_గాలి
పునాదిరాళ్లను లెక్కపెడితే మాకే మొదటి బహుమతి!

హంద్రీ_గట్టు
పాత_ఎంబుక్కు సార్, ఈ మెట్ల సంగతి ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. నాకు కావలసింది ఆఖరి మెట్టే.

ధర్మవరం_దారి
మీరంతా పని ఎప్పుడు వస్తుందన్న దాని చుట్టూ తిరుగుతున్నారు. మా బాధ వేరు. నేను బడులకు బల్లలు, బీరువాలు సరఫరా చేస్తాను. పని దొరకడం కష్టం కాదు, డబ్బు రావడమే కష్టం. చిన్న సంస్థల నుంచి సరుకు తీసుకుంటే 45 రోజులు దాటకుండా చెల్లించాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం చెబుతోంది. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ అని కూడా రాసి ఉంది. రేపు మళ్లీ ఆర్డరు ఇవ్వాల్సిన కార్యాలయం మీదే ఫిర్యాదు పెట్టే ధైర్యం ఎంతమందికి ఉంటుంది? ఒక శాఖ నుంచి నాకు రావలసిన సొమ్ము కోసం నగలు తాకట్టు పెట్టి కార్మికులకు కూలి ఇచ్చాను. బిల్లు ఏ నెలలో జమ అవుతుందో కాస్త ముందే తెలిసి ఉంటే అంత వడ్డీకి అప్పు తెచ్చేదాన్ని కాదు.

ఉమ్మడిగా ఊహించదలిస్తే మొదటి ప్రశ్న ఇదే కావాలి: ఈ త్రైమాసికంలో పెట్టిన బిల్లు ఎన్ని రోజులకు ఖాతాలో పడుతుంది?

గడియార_స్తంభం
నూటికి నూరు పాళ్లు సమర్థిస్తున్నాను. పని లాభం కాగితం మీద, బిల్లు ఆలస్యం నెత్తి మీద.

తాడిపత్రి_కంకర
అక్కా, ఇది మా క్రషర్లకూ తగులుతుంది. కాంట్రాక్టరుకు బిల్లు రాకపోతే మాకు ఉద్దెర మిగులుతుంది. ఊళ్లో ఉద్దెర పెరుగుతోందంటే బిల్లులు ఆగాయని మాకు పత్రికల కంటే ముందే తెలిసిపోతుంది.

అంకెల_అనసూయ
ఉమ్మడి అంచనాకు బలం సరిగ్గా ఇక్కడే ఉంది. తాడిపత్రి_కంకర గారికి ఉద్దెర ఖాతా కనిపిస్తుంది, పాత_ఎంబుక్కు సార్‌కు ఫైలు నడక తెలుసు, ధర్మవరం_దారి గారికి చెల్లింపుల తీరు తెలుసు. ఒకరికి కనబడేది ఇంకొకరికి కనబడదు. క్రషర్ల యజమానులు వందమందిని అడిగినదాని కంటే, పది రకాల వృత్తుల వాళ్లను ముగ్గురేసి చొప్పున అడిగితే మేలు.

రోజుల లెక్కకు సగటు తీయకండి, నడిమి అంకె తీసుకోండి. ఆరుగురు 60, 75, 90, 90, 120, 400 అని రాశారనుకుందాం. సగటు 139 వస్తుంది. చేదు అనుభవం ఉన్న ఒక్కరు రాసిన 400 మొత్తం లెక్కను లాగేసింది. నడిమి అంకె 90. అయితే ఆ 400 రాసిన వారిని వదిలేయకూడదు, ఎందుకు రాశారో అడగాలి. మిగతావాళ్లకు తెలియనిది వారికేమైనా తెలిసి ఉండవచ్చు.

బేతంచెర్ల_బండ
మనమంతా పనులు రావాలని కోరుకునేవాళ్లమే. కోరికలన్నీ కుప్ప పోస్తే అంచనా అవుతుందా?

పుష్పగిరి_పాంథుడు
బండ గారు ఈసారి అసలు చోటే పట్టుకున్నారు. నేను కడపలో పోటీ పరీక్షలకు పాఠాలు చెబుతాను, ఈ విషయం కొంత చదివాను. 2011 నుంచి 2015 వరకు అమెరికా గూఢచార విభాగాల పరిశోధన సంస్థ ఐఆర్పా ఒక పోటీ నడిపింది. ఫిలిప్ టెట్లాక్, బార్బరా మెల్లర్స్ బృందం మామూలు మనుషులను వేల సంఖ్యలో చేర్చుకుని ప్రపంచ సంఘటనల మీద అంచనాలు రాయించింది, పోటీలో గెలిచింది. కోరికకూ అంచనాకూ తేడా బయటపెట్టింది మార్కులే. ఎవరు ఏమన్నారో రాసి ఉంచి, ఫలితం తేలాక ప్రతి ఒక్కరికీ మార్కు వేశారు.

లెక్క చిన్నదే. వాతావరణ శాస్త్రవేత్త గ్లెన్ బ్రయర్ 1950లో ప్రతిపాదించారు. పని వస్తే 1, రాకపోతే 0 అని లెక్క. వస్తుందని నూటికి 80, అంటే 0.8 అన్నారు, వచ్చింది. తేడా 0.2, దాని వర్గం 0.04. రాలేదనుకోండి, తేడా 0.8, వర్గం 0.64. ఎంత తక్కువైతే అంత మంచిది. ఎప్పుడూ 50 అని తప్పించుకునేవారికి ప్రతిసారీ 0.25 పడుతుంది. తెలిసి చెప్పేవారెవరో, ఆశతో చెప్పేవారెవరో కొన్నాళ్లకు పట్టికే చూపిస్తుంది. అప్పుడు ఎవరి మాటకు ఎక్కువ బరువు ఇవ్వాలో మనకే అర్థమవుతుంది.

గండికోట_గాలి
ఈ పట్టిక మా ఊరి పెద్దమనుషుల ముందు పెడితే చాలామంది మౌనవ్రతం పడతారు.

తుంగభద్ర_తరంగం
నాకో సూచన ఉంది. తలా వంద రూపాయలు పెట్టి పందెంలా నడిపితే జనం ఒళ్లు దగ్గర పెట్టుకుని రాస్తారు.

నల్లకోటు
ఆ ఆలోచన ఇక్కడే ఆపేయండి. ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం 1974ను 2020లో సవరించి ఆన్‌లైన్ పందేలను కూడా అందులోకి తెచ్చారు. 2025లో డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ పార్లమెంటు చట్టం చేసింది. మార్కులతో నడపండి, రూపాయితో వద్దు.

నేను కర్నూలులో వకీలును. ఇంతకంటే పెద్ద ప్రమాదం ఇంకొకటి ఉంది, ఇప్పటిదాకా ఎవరూ దాని ఊసెత్తలేదు. ఒకే టెండరుకు పోటీ పడేవాళ్లు ఒక చోట చేరి ధరల గురించి మాట్లాడుకోవడం కాంపిటీషన్ చట్టం 2002, సెక్షన్ 3 కింద నేరుగా తప్పు. బిడ్లలో కుమ్మక్కు అని దాన్ని ప్రత్యేకంగా పేర్కొన్నారు. తేలితే ప్రతి ఏడాది లాభానికి మూడు రెట్లు లేదా ఆ ఏటి టర్నోవరులో పది శాతం, ఏది ఎక్కువైతే అంత వరకు జరిమానా వేయవచ్చు. "ఊరికే అంచనా వేసుకున్నాం" అంటే సరిపోదు. కాబట్టి ఎవరు టెండరు వేస్తారు, అంచనా విలువ కంటే ఎంత తక్కువకు (లెస్‌కు) వేస్తారు, ఎవరికి దక్కుతుంది అన్న ప్రశ్నలు ఈ వేదికలో అసలు రాకూడదు. శాఖల వారీగా ఎన్ని నోటీసులు వస్తాయి, బిల్లులకు ఎన్ని రోజులు పడుతుంది, కంకర, సిమెంటు ధరలు ఎటు పోతాయి అన్నవి అడగండి. హద్దు అక్కడే.

హంద్రీ_గట్టు
నల్లకోటు గారూ, సరైన సమయంలో చెప్పారు. ఈ హద్దును అందరూ గట్టిగా గుర్తుంచుకోవాలి.

తాడిపత్రి_కంకర
ధరల గురించి కూడా మాట్లాడవద్దా? కంకర అమ్మేది నేనే కదా!

నల్లకోటు
మీరు ఎంతకు అమ్మబోతున్నారో చెప్పవద్దు. కర్నూలు మార్కెట్లో వచ్చే మార్చి నాటికి సిమెంటు బస్తా ధర ఇప్పటికంటే పెరుగుతుందా అన్న ప్రశ్నకు మీ అంచనాను అజ్ఞాతంగా ఇవ్వవచ్చు. కంకర ధర ప్రశ్నకు మాత్రం క్రషర్ల వాళ్లు దూరంగా ఉండడమే క్షేమం.

తుంగభద్ర_తరంగం
బ్యాంకులో పనిచేసే మా బావ ఉన్నాడు. ఎవరెవరు బ్యాంకు గ్యారంటీలు తీసుకుంటున్నారో చూస్తే ఎక్కడ పని రాబోతోందో ఇట్టే తెలుస్తుంది.

పాత_ఎంబుక్కు
అది ఖాతాదారుల రహస్యం. మీ బావ గారి ఉద్యోగం పోతుంది. కార్యాలయాల లోపలి నుంచి ఫైలు సమాచారం లాగడం కూడా అంతే. జీవోలు, బడ్జెట్ పుస్తకాలు, టెండరు పోర్టల్, కళ్లెదుట రోడ్డు మీద కనబడేది, ఇవి చాలు. సర్వే రాళ్లు పాతుతున్నారా, మట్టి నమూనాలు తీస్తున్నారా అన్నది దారిన పోయే ఎవరికైనా కనిపిస్తుంది.

బేతంచెర్ల_బండ
సరే, మార్కులూ హద్దులూ బాగున్నాయి. నిబంధనలే మారిపోతే? 2019లో రివర్స్ టెండరింగ్ తెచ్చారు. ధరల బిడ్లు తెరిచాక తక్కువ వేసిన ధర దగ్గర మొదలుపెట్టి ఇంకా కిందికి వేలం. 2024లో దాన్ని ఎత్తేశారు. పాత లెక్కలు పట్టుకున్నవాళ్లు రెండుసార్లూ తలకిందులయ్యారు.

అంకెల_అనసూయ
నిబంధన మారినప్పుడు పాత గణాంకాల సూత్రం పనికిరాదు, ఒప్పుకుంటాను. అప్పుడు మనుషుల అంచనాకే విలువ ఎక్కువ. సూత్రానికి ప్రభుత్వం మారిందని తెలియదు, మనిషికి తెలుసు.

పుష్పగిరి_పాంథుడు
అనసూయ గారూ, అందులో ఒక లోటు ఉంది. జనం సమాధానం చెప్పేది అడిగిన ప్రశ్నకే. 2022 జూలై 18 నుంచి ప్రభుత్వ పనుల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 18కి పెరిగింది. అంతకుముందు "పనులు పెరుగుతాయా" అని ఎందరిని అడిగినా ఆ ప్రమాదం బయటపడేది కాదు. ఎందుకంటే పన్ను గురించి ఎవరూ ప్రశ్న వేయలేదు. అప్పటికే ఒప్పందం చేసుకున్నవాళ్లు తేడా సొమ్ము ఎవరు భరించాలో తేలక సతమతమయ్యారు.

ధర్మవరం_దారి
అలాగైతే ప్రతిసారీ అంచనాలతో పాటు ఒక ఖాళీ గడి పెట్టండి. "మనం అడగకుండా వదిలేసిన ప్రశ్న ఏది?" అని. నేనైతే ముందు దాన్నే నింపుతాను.

అంకెల_అనసూయ
ఇంతసేపటి చర్చలో నాకు అన్నిటికంటే నచ్చిన సూచన ఇది. తప్పకుండా పెడదాం.

గడియార_స్తంభం
అలాంటి ప్రశ్నలు నా దగ్గర ఇప్పుడే ఉన్నాయి. కేంద్ర నిధుల పంపకాన్ని సిఫారసు చేసే 15వ ఆర్థిక సంఘం కాలం 2026 మార్చి 31 వరకు, ఏప్రిల్ 1 నుంచి 16వ సంఘం కాలం. పంచాయతీలకు వచ్చే నిధుల మొదటి విడత ఆలస్యమైతే సిమెంటు రోడ్లు, కాలువల పనులు ఆ మేరకు వెనక్కి పోతాయి. ఇంకొకటి, పంచాయతీలకు 2021 ఫిబ్రవరిలో ఎన్నికలు జరిగాయి. మళ్లీ ఎన్నికల నియమావళి వస్తే కొత్త నోటీసులు ఆగిపోతాయి. 2024 మార్చి 16న కోడ్ వచ్చాక ఏం జరిగిందో అందరికీ గుర్తుండే ఉంటుంది.

గండికోట_గాలి
ఇంటింటికీ కుళాయి నీళ్లిచ్చే జల్ జీవన్ మిషన్ కూడా చేర్చండి. 2024కు పూర్తి చేయాలన్నది 2028 వరకు పొడిగించారు. పైపులు కొని గోదాములో పెట్టుకున్నవాళ్లు మా చుట్టుపక్కల ఇంకా ఎదురుచూస్తున్నారు.

తాడిపత్రి_కంకర
ఒక అనుమానం. అందరం కలిసి ఓర్వకల్లులో, కడప దగ్గరి కొప్పర్తి పారిశ్రామికవాడలో పనులు ఊపందుకుంటాయని తేల్చామనుకోండి. అందరూ అదే చూసి బండ్లు కొంటారు. బండ్లు ఎక్కువై కిరాయి పడిపోతుంది. అంచనా నిజమైనా నష్టమే కదా?

హంద్రీ_గట్టు
నేను ఈ కోణంలో చూడలేదు. బండి కొనాలంటే నాకు పనుల అంచనా ఒక్కటే చాలదు, కిరాయి అంచనా కూడా కావాలి.

నల్లకోటు
కిరాయి విషయంలో మీరూ ఇతర బండ్ల యజమానులూ పోటీదారులే. ఆ ప్రశ్నకు బండ్లు అద్దెకు తీసుకునేవాళ్ల చేతనే అంచనాలు రాయించండి.

పుష్పగిరి_పాంథుడు
నడిపే తీరు గురించి ఒక మాట. 1950లలో అమెరికాలోని ర్యాండ్ సంస్థలో డెల్ఫీ అనే పద్ధతి రూపొందించారు. మనలాంటి చిన్న గుంపుకు సరిగ్గా సరిపోతుంది. మొదటి విడతలో ఎవరి అంకె వారు పేరు బయటపడకుండా పంపుతారు. తర్వాత నడిమి అంకె, దూరంగా ఉన్న అంకెలు, వాటికి రాసిన కారణాలు అందరికీ చూపిస్తారు. పేర్లు మాత్రం చూపించరు. అవి చదివాక రెండో విడత అంకె పంపుతారు. పెద్దమనిషి మాటకు తలూపే అవసరం ఉండదు, కొత్తవాళ్లకు జంకు ఉండదు.

బేతంచెర్ల_బండ
కావాలని తప్పు అంకె వేసి పోటీదారును పక్కదారి పట్టించేవాళ్లు ఉండరా?

అంకెల_అనసూయ
ఉంటారు. నడిమి అంకె తీసుకుంటే ఒకరిద్దరి వల్ల పెద్దగా కదలదు. పైగా తప్పుడు అంకెలు వేసేవారి మార్కు దిగజారి, కొన్నాళ్లకు వారి అంకెకు బరువు తగ్గుతుంది. మీరు చేరండి బండ గారూ. అందరూ ఒకే వైపు మొగ్గినప్పుడు మీలా ఎదురు చెప్పేవారు లేకపోతే ఈ పద్ధతే నిలవదు.

బేతంచెర్ల_బండ
ఒక విడత చూస్తాను. నచ్చకపోతే ఇక్కడే చెబుతాను.

హంద్రీ_గట్టు
మొదటి విడతకు మూడు ప్రశ్నలు రాస్తున్నాను, సరిచేయండి. కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో మార్చి 31 లోపు రోడ్లు భవనాల శాఖ టెండరు నోటీసులు నిరుటి ఇదే కాలం కంటే పెరిగే అవకాశం నూటికి ఎంత? జనవరిలో పెట్టిన బిల్లు ఎన్ని రోజులకు జమ అవుతుంది? ఏప్రిల్, మే నెలల్లో పంచాయతీ పనుల నోటీసులు నిరుటి కంటే తగ్గే అవకాశం నూటికి ఎంత? చివర ధర్మవరం_దారి గారి ఖాళీ గడి. అంకెలు అనసూయ గారికి మాత్రమే పంపండి, ఇక్కడ రాయకండి.

ధర్మవరం_దారి
రెండో ప్రశ్నలో పనుల బిల్లులను, సరఫరా బిల్లులను విడదీయండి. రెండిటి దారులూ వేరు.

పాత_ఎంబుక్కు
అలాగే రోజులు ఎక్కడి నుంచి లెక్కిస్తారో రాయండి. ఎం-బుక్కులో, అంటే పని కొలతల పుస్తకంలో, కొలతలు నమోదైన తేదీ నుంచా, బిల్లు ప్రభుత్వ ఆన్‌లైన్ చెల్లింపుల వ్యవస్థ సీఎఫ్ఎంఎస్‌లోకి ఎక్కిన తేదీ నుంచా? ఈ రెండింటి నడుమే నెలలు గడిచిన సందర్భాలు చూశాను. నా సలహా రెండోది, ఎందుకంటే దానికి టోకెన్ నంబరు ఉంటుంది, తర్వాత వాదన ఉండదు. మొదటి ప్రశ్నలో రద్దయి మళ్లీ పిలిచిన నోటీసును ఒకటిగా లెక్కిస్తారా, రెండుగానా?

అంకెల_అనసూయ
ఒకటిగానే లెక్కిద్దాం. మొదటిసారి పోర్టల్‌లో పెట్టిన తేదీయే ప్రామాణికం. సరఫరా బిల్లులను విడిగా నాలుగో ప్రశ్న చేస్తున్నాను. ఆదివారం రాత్రి పది గంటల వరకు అంకెలు తీసుకుంటాను.